పక్షుల వేట సీజన్ తొలిరోజు: తేదీ ఎలా వచ్చింది, ఆనవాయితీలు ఎందుకు వేరయ్యాయి

ఆగస్టు 12 తెల్లవారేసరికి ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లాండ్ కొండల మీద హెదర్ పొదలు ఊదారంగు పూలతో నిండి ఉంటాయి. ఆ పొదల మధ్య మట్టిదారుల్లో జీపులు వరసగా పైకెక్కుతాయి. సరిగ్గా 8 రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఫిన్లాండ్‌లో సరస్సుల ఒడ్డున తుంగలో కూర్చున్న బాతుల వేటగాళ్లు గడియారాలు చూసుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం 12 కాకుండా ఒక్క తుపాకీ పేలకూడదు. సెప్టెంబరు 1న అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గువ్వల కోసం కోసిన చేల గట్ల వెంట కుటుంబాలకు కుటుంబాలే చేరతాయి. సెప్టెంబరు మూడో ఆదివారం ఇటలీలో, అక్టోబరు మూడో శనివారం అమెరికాలోని దక్షిణ డకోటాలో ఇలాంటి సందడే.

అన్నిచోట్లా సందర్భం ఒకటే. నెలల తరబడి మూసి ఉన్న పక్షుల వేట ఆ రోజు తెరుచుకుంటుంది. దాని చుట్టూ అల్లుకున్న ఆనవాయితీలకు మాత్రం ఒకదానితో ఒకటికి పోలికే లేదు. ఒకచోట పిలుపు లేనిదే గేటు దాటనివ్వరు. ఇంకోచోట ముందు రాత్రే వెళ్లి నీళ్ల మధ్య చోటు పట్టుకోవాలి. ఒకచోట చనిపోయిన పక్షుల ముందు నిలబడి బూర ఊదుతారు. మరోచోట అదే సాయంత్రం వాటిని హోటల్లో వడ్డించడానికి పోటీ పడతారు. బయటినుంచి చూసేవాళ్లకు ఇదంతా గజిబిజిగా, చాలామందికి క్రూరంగా కూడా కనిపిస్తుంది. నాకు అర్థమైనంతలో ఈ చిక్కు విడిపోవాలంటే రెండు సంగతులు పట్టుకుంటే చాలు: ఆ పక్షి ఎప్పుడు గూడు పెడుతుంది, చట్టం దృష్టిలో ఆ పక్షి ఎవరిది. తేదీ మొదటిదాంట్లోంచి వచ్చింది. ఆచారం రెండోదాంట్లోంచి వచ్చింది.

తేదీ వెనక గూడు

ఆగస్టు 12 రెడ్ గ్రౌస్ అనే పక్షి కోసం పెట్టిన తేదీ. బ్రిటన్, ఐర్లాండ్ దీవుల్లో తప్ప ఇది సహజంగా ఇంకెక్కడా ఉండదు. ఫెజంట్ అనే కోడిజాతి పక్షుల్లా దీన్ని ఫారాల్లో పెంచి వదలరు. కొండ బీళ్లలో హెదర్ చిగుళ్లు తిని తనంతట తాను బతికే పక్షి ఇది. ఏప్రిల్, మే నెలల్లో నేలమీదే గుడ్లు పెడుతుంది. ఆగస్టు రెండో వారం వచ్చేసరికి ఆ ఏడు పుట్టిన పిల్లలకు రెక్కలు గట్టిపడి, పెద్దవాటితో సమానంగా ఎగరగలుగుతాయి. స్కాట్లాండ్ కోసం చేసిన 1772 నాటి వేట చట్టమే డిసెంబరు 10 నుంచి ఆగస్టు 12 దాకా దీన్ని ముట్టుకోకూడదని చెప్పింది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వచ్చిన 1831 గేమ్ చట్టంలోనూ అదే తేదీ ఉంది. 'గ్లోరియస్ ట్వెల్త్' అని పేరుపడ్డ పండగకు మూలం ఈ నిషేధమే.

మిగతా పక్షుల తేదీలు కూడా వాటి వాటి ఎదుగుదలను బట్టే వచ్చాయి. పార్ట్రిడ్జ్ పక్షికి సెప్టెంబరు 1. అప్పటికి పైరు కోతలు కూడా అయిపోతాయి. ఫెజంట్ ఎదగడానికి ఇంకా సమయం పడుతుంది కాబట్టి దానికి అక్టోబరు 1. ఆగస్టు 12 ఆదివారం పడితే వేట సోమవారానికి మారుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆదివారాల్లోనూ క్రిస్మస్ నాడూ ఈ పక్షుల్ని కాల్చకూడదని 1831 చట్టమే అంది. స్కాట్లాండ్‌లో చట్టం అడ్డు చెప్పకపోయినా ఆనవాయితీగా ఆదివారం మానేస్తారు.

అమెరికాలో తేదీ రావడానికి ముందు పెద్ద విధ్వంసం జరిగింది. 19వ శతాబ్దంలో అక్కడ మార్కెట్లో అమ్మడానికే పక్షుల్ని బండ్లకొద్దీ చంపేవాళ్లు. వలస బాతులు గూళ్లు పెట్టడానికి ఉత్తరానికి తిరిగివెళ్లే వసంతకాలంలో కూడా వాటిని కాల్చేవాళ్లు. ఒకప్పుడు వందల కోట్ల సంఖ్యలో ఉండి, ఎగిరితే ఆకాశం మూసుకుపోయేదని చెప్పుకున్న ప్యాసింజర్ పావురాల జాతిలో ఆఖరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. రెండేళ్లకు, 1916లో, కెనడా తరఫున బ్రిటన్‌తో అమెరికా ఒప్పందం చేసుకుంది. వేటాడదగ్గ వలస పక్షుల్ని మార్చి 10 నుంచి సెప్టెంబరు 1 దాకా వేటాడకూడదనీ, ఏ సీజనూ మూడున్నర నెలలు దాటకూడదనీ అందులో రాసుకున్నారు. దాన్ని అమలు చేసే చట్టం 1918లో వచ్చింది. నేడు చాలా రాష్ట్రాల్లో గువ్వల వేట సెప్టెంబరు 1నే మొదలవడానికి కారణం అదే: ఒప్పందం ఒప్పుకునే మొట్టమొదటి రోజు అది. ఆఖరి ప్యాసింజర్ పావురం పోయిన తేదీ కూడా అదే కావడం కాకతాళీయమే అయినా, ఈ పండగ జరుపుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

బాతుల విషయంలో తేదీ ఇంత సూటిగా ఉండదు. ఉత్తర అమెరికాలో వలస దారుల్ని అట్లాంటిక్, మిసిసిపీ, సెంట్రల్, పసిఫిక్ అని నాలుగుగా విభజించారు. 1955 నుంచి ఏటా విమానాల్లో తిరిగి, నేలమీద నడిచి బాతుల్ని లెక్కపెడుతున్నారు. ఆ లెక్కల్ని బట్టి కేంద్రం హద్దులు గీస్తే, వాటి లోపల రాష్ట్రాలు తమకు నచ్చిన రోజు ఎంచుకుంటాయి. ఉత్తరాది రాష్ట్రాలకు నీళ్లు గడ్డకట్టకముందే మొదలవ్వాలి. దక్షిణాది రాష్ట్రాలకు బాతులు అక్కడిదాకా దిగివచ్చాక మొదలవ్వాలి.

పక్షి ఎవరిది?

తేదీ లెక్క తేలింది. ఇక ఆ రోజు మనుషులు నడుచుకునే తీరు ఎందుకింత వేరుగా ఉంటుంది?

బ్రిటన్‌లో వేట హక్కు నేలతో ముడిపడి ఉంది. ఎగురుతున్న గ్రౌస్ ఎవరి సొత్తూ కాదు గానీ, ఆ కొండ మీద దాన్ని కాల్చే హక్కు కొండ యజమానిది. అందుకే అక్కడి తొలిరోజు మర్యాదలన్నీ అతిథి మర్యాదలే. 1850ల తర్వాత వెనకనుంచి తూటా ఎక్కించే తుపాకులు వచ్చాయి. రైళ్లు స్కాట్లాండ్ కొండల అంచుదాకా వెళ్లాయి. విక్టోరియా రాణి దంపతులు బాల్మోరల్‌ను 1848లో లీజుకు తీసుకుని, తర్వాత కొనేశారు. అప్పటిదాకా కుక్కల వెంట కొండంతా నడిచి చేసిన వేట, నిలబడ్డ చోటికే పక్షుల్ని తోలించుకునే వేటగా మారింది. ఆ మార్పు ఎంతదూరం వెళ్లిందంటే, 1915 ఆగస్టు 12న లాంకషైర్‌లోని అబీస్టెడ్, లిటిల్‌డేల్ బీళ్లలో 8 మంది ఒక్కరోజులో 2,929 గ్రౌస్‌లను కాల్చారు. దీన్ని ఇప్పటికీ రికార్డుగా చెప్పుకుంటారు. నాకైతే ఆ అంకెలో గర్వపడాల్సింది ఏమీ కనిపించదు. చేత్తో ఆపేవాడు లేకపోతే ఆచారం ఎక్కడిదాకా పోతుందో మాత్రం కనిపిస్తుంది.

ఆ వేట జరిగే తీరును కొంచెం దగ్గరగా చూడాలి. కొండ వాలు మీద రాళ్లతోనో మట్టితోనో నడుమెత్తు గోడలు కట్టి, వరసగా నంబర్లు వేస్తారు. ఆతిథ్యం ఇచ్చే వ్యక్తి పొద్దున్నే చీట్లు తీయిస్తాడు. ఎవరికి ఏ నంబరు వస్తే వాళ్లు ఆ గోడ వెనక నిలబడాలి. ప్రతి విడతకూ ఇన్ని స్థానాలు జరగాలని ముందే చెప్తారు. దొర అయినా కొత్తగా వచ్చిన కుర్రాడైనా మంచి చోటు, చెడ్డ చోటు వంతుల ప్రకారమే దక్కుతాయి. ఎక్కడో అర మైలు, మైలు దూరంలో జెండాలు పట్టుకున్న మనుషులు బారుగా నడుస్తూ పక్షుల్ని లేపి ఇటు తోలుతారు. గోడకు రెండు పక్కలా కర్రలు పాతి ఉంటాయి. తుపాకీ పక్షి వెంట తిప్పుతూ తిప్పుతూ పక్క గోడ దగ్గరున్న మనిషి వైపు పోకుండా ఆ కర్ర ఆపుతుంది. తోలేవాళ్లు దగ్గరికొచ్చాక బూర మోగుతుంది. ఇక ఎదురుగా కాల్చకూడదు. తుపాకీ పైకెత్తి వెనక్కి తిరిగి, దాటిపోయిన పక్షినే కాల్చాలి. చూడటానికి తంతులా ఉన్నా, ఇందులో ప్రతి అంశం మనుషుల ప్రాణాల కోసం పెట్టిందే. సాయంత్రం వెళ్లేటప్పుడు గేమ్‌కీపర్ ప్రతి అతిథికీ ఒక జత పక్షుల్ని ఇస్తాడు, అతిథి కరచాలనం చేస్తూ అతని చేతిలో డబ్బు పెడతాడు. ఆ కొండను ఏడాది పొడవునా చూసుకునే ఉద్యోగి గేమ్‌కీపరే కాబట్టి తొలిరోజు నిజానికి అతని పరీక్ష రోజు.

ఫ్రాన్స్‌లో కథ ఇంకోలా నడిచింది. విప్లవానికి ముందు వేట ప్రభువుల హక్కు. తన పంట తింటున్న పక్షిని కూడా రైతు ముట్టుకోలేకపోయేవాడు. 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభ రద్దు చేసిన ప్రభువుల హక్కుల్లో ఇదీ ఒకటి. తర్వాత 1844 చట్టం లైసెన్సు పెట్టి, వేట ఎప్పుడు తెరవాలో ప్రకటించే అధికారం జిల్లా అధికారులైన ప్రిఫెక్ట్‌లకు ఇచ్చింది. అందుకే అక్కడ సెప్టెంబరులో ఒక ఆదివారం వేట తెరుచుకునే రోజును ఊళ్లో మామూలు జనం తమ హక్కుగా జరుపుకుంటారు. ఇటలీ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి పౌర స్మృతిలోని 842వ అధికరణం ప్రకారం, చట్టం చెప్పినట్టు కంచె వేసుకోని పొలంలోకి వేటగాడు రాకుండా యజమాని అడ్డుకోలేడు. కాబట్టి సీజన్ తొలి ఆదివారం ఎవరి పొలంలోనైనా ఎవరైనా కనిపించవచ్చు. వారంలో మంగళ, శుక్రవారాల్లో మాత్రం వేట పూర్తిగా నిషేధించారు.

అమెరికాలో అడవి పక్షి ప్రజలందరిదీ అనే ఆలోచన పాతుకుపోయింది. 1896లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన గీర్ కేసు వుడ్‌కాక్, గ్రౌస్, క్వెయిల్ పక్షుల గురించే. వాటిని ప్రజల తరఫున రాష్ట్రం కాపాడుతుందని కోర్టు అంది. ఆ తీర్పును 1979లో పక్కనపెట్టినా ఆ భావన పోలేదు. అందరిదీ అయినప్పుడు అందరికీ ఒకేసారి మొదలవ్వాలి కదా. అక్కడి తొలిరోజు ఆనవాయితీలు దీని చుట్టూనే తిరుగుతాయి. చిత్తడి నేలల్లో ముందు రాత్రే పడవలు చేరతాయి. చీకట్లో బొమ్మ బాతుల్ని నీళ్లమీద వదిలి, సూర్యోదయానికి అరగంట ముందు వచ్చే ఆ నిమిషం కోసం కాచుకుంటారు. ఫిన్లాండ్‌లో మధ్యాహ్నం 12 నియమం కూడా అదే పని చేస్తుంది. అందరికీ ఒకే గంట, పైగా పూర్తి వెలుతురు.

అమెరికాలో బాతుల వేటకు వెళ్లే పెద్దవాళ్లు ప్రతి ఏడూ కేంద్ర ప్రభుత్వం అమ్మే ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. 1934లో మొదలైనప్పుడు దాని ధర ఒక డాలరు, ఇప్పుడు 25 డాలర్లు. కాగితం స్టాంపు తీసుకుంటే దాని ముఖం మీద ఇంకుతో అడ్డంగా సంతకం చేస్తేనే చెల్లుతుంది. ఆ డబ్బు దాదాపు అంతా చిత్తడి నేలల్ని కొని కాపాడటానికే వెళ్తుంది. స్టాంపు మీది బొమ్మ కోసం ఏటా చిత్రకారులకు పోటీ పెడతారు. వేటాడనివాళ్లు కూడా దీన్ని కొని దాచుకుంటారు. ఈ రోజు చుట్టూ ఉన్న ఆనవాయితీలన్నిటిలో పక్షికి నేరుగా మేలు చేసేది ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

దక్షిణ డకోటాలో ఫెజంట్ సీజన్ మొదలంటే పట్టణాలకు తిరునాళ్లే. 1919లో ఒక్క స్పింక్ కౌంటీలో ఒక్కరోజు వేటతో మొదలైంది. నిజానికి ఫెజంట్ అక్కడి పక్షి కాదు. 1880లలో చైనా నుంచి ఒరెగాన్‌కు తెచ్చి వదిలిన పక్షి ఇది. అయినా ఇప్పుడు దక్షిణ డకోటా రాష్ట్ర పక్షి అదే. నారింజ రంగు జాకెట్లు వేసుకున్న జనం మొక్కజొన్న చేలో బారుగా నడుస్తారు, చేను అవతలి చివర ఇంకొందరు కాపు కాస్తారు. పక్షి లేవగానే దగ్గరున్నవాళ్లు 'రూస్టర్' అనో 'హెన్' అనో గట్టిగా అరుస్తారు. 'హెన్' అని వినపడితే తుపాకులు దించాలి, ఎందుకంటే పెట్టను చంపడం నేరం. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా మరుసటి ఏడు పిల్లలు తగ్గవు, పెట్టలు పోతే తగ్గుతాయి. ఆ అరుపును పిల్లలకు తుపాకీ పట్టుకోవడం కంటే ముందే నేర్పిస్తారు.

చంపిన తర్వాత

జర్మనీ, ఆస్ట్రియాల్లో వేట రోజుకు ముగింపు ఇచ్చే ఆచారం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. సాయంత్రం నేలమీద స్ప్రూస్ చెట్టు కొమ్మలు పరిచి, ఆ రోజు పడిన జంతువుల్నీ పక్షుల్నీ వాటి మీద కుడి పక్కకు ఒత్తిగించి వరసగా పడుకోబెడతారు. ఏ జాతికి ఆ జాతి వేరు వరస. ప్రతి పదోదాన్ని కొంచెం ముందుకు జరుపుతారు. ఎన్ని పడ్డాయో ఒక్క చూపులో ఎవరైనా లెక్కపెట్టవచ్చు, దాచడానికి వీలుండదు. వరసకు ఒకవైపు వేటగాళ్లు, ఎదురుగా తోలినవాళ్లు, కుక్కలు. ఒక్కో జాతికి ఒక్కో బూర పాట ఉంటుంది. ఎగిరే పక్షులన్నిటికీ కలిపి ఒక పాట. ఆ వరసను ఎవరూ దాటి అడుగు వేయకూడదు. చుట్టూ తిరిగి రావాల్సిందే.

ఇది చూసి 'చంపి మళ్లీ గౌరవమా' అనేవాళ్ల బాధ అర్థం చేసుకోగలను. కానీ మిగతా ఆనవాయితీలు చాలావరకు మనిషికీ మనిషికీ మధ్యవి. చోటెవరిది, వంతెవరిది, ముందు ఎవరు, ఇదే గొడవ. ఇది ఒక్కటే పక్షి వైపు తిరిగి నిలబడుతుంది. చంపినదాన్ని కుప్పగా పోయకుండా ఒక్కొక్కటిగా పడుకోబెట్టి, దాని ముందు నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చిన మనిషికి ఆ రోజు తాను ఏం చేశాడో తెలుస్తుంది.

తొలిరోజునే ఎందుకంత రద్దీ

ఉత్సాహం ఒక్కటే కారణం కాదు. ఆ ఏడు పుట్టిన పక్షులకు తుపాకీ అంటే ఏమిటో తొలిరోజున తెలియదు. కొన్ని రోజులు గడిస్తే అవి హుషారైపోతాయి, దూరంనుంచే లేచిపోతాయి. గువ్వల విషయంలో మొదటి చలిగాలి వీచిందంటే మందలు దక్షిణానికి వెళ్లిపోతాయి. దాంతో తొలి రోజులకే గిరాకీ. ఆ రోజే జనం, ఆ రోజే ఎక్కువ పక్షుల చావులు, ఆ రోజే ప్రమాదాల టెన్షన్. అందుకే కఠినమైన నియమాలు కూడా ఈ రోజును దృష్టిలో పెట్టుకునే పనిచేస్తాయి. అమెరికాలో బాతుల వేటకు ప్రాణమున్న బాతుల్ని దీమం పెట్టడాన్నీ, గింజలు చల్లి రప్పించి కాల్చడాన్నీ 1935లో నిషేధించారు. అదే ఏడాది తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా కట్టడి చేశారు. మామూలు సేద్యంలో భాగంగా కోసిన చేలో రాలిన గింజల దగ్గర గువ్వల్ని వేటాడవచ్చు. కావాలని గింజలు చల్లితే మాత్రం వాటిని పూర్తిగా తీసేసిన తర్వాత కూడా 10 రోజుల దాకా అక్కడ వేటాడకూడదు. చేను తనది కాకపోయినా, వెళ్లినవాడు ఆ సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు మారుతున్నది

లండన్‌లో కొన్ని హోటళ్లు ఆగస్టు 12 రాత్రికే గ్రౌస్ మాంసం వడ్డించాలని పోటీ పడతాయి. పాత వంటపద్ధతిలో ఈ పక్షిని కొన్ని రోజులు వేలాడదీసి, మాంసం మెత్తబడి రుచి దిగాకే వండేవాళ్లు. పొద్దున కాల్చి రాత్రికి పళ్లెంలో పెట్టడం ఆ సంప్రదాయానికే అడ్డం.

పెద్ద గొడవ వేరే ఉంది. ఎక్కువ గ్రౌస్‌లు కావాలంటే వాటిని తినే జంతువులు తగ్గాలి. నక్కల్ని, కాకుల్ని చట్టప్రకారమే చంపుతారు. హెన్ హ్యారియర్ అనే గద్దను చంపడం మాత్రం నేరం. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఉపగ్రహ ట్యాగులు కట్టిన 58 హ్యారియర్లలో 72 శాతాన్ని అక్రమంగా చంపేశారని తేలడమో, చంపేసి ఉంటారని బలంగా అనుమానించడమో జరిగింది. అంతకు ముందే, 2014 నుంచి, సీజన్ మొదలయ్యే రోజుల్లోనే 'హెన్ హ్యారియర్ డే' పేరుతో జనం గుమిగూడటం మొదలైంది. వేట తొలిరోజుకు ఎదురుగా ఇంకో తొలిరోజు ఆనవాయితీ పుట్టిందన్నమాట. స్కాట్లాండ్ 2024లో చట్టం చేసి, గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆ ఎస్టేట్‌లో గద్దల్ని చంపినట్టు అధికారులకు రూఢి అయితే లైసెన్సు పోవచ్చు. ఇది ఆలస్యంగా వచ్చిన మంచి మార్పని నా నమ్మకం. గద్ద శవం మీద నిలబెట్టిన పక్షుల సంఖ్యను సంప్రదాయం అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఇంకో కష్టం పక్షి ఒంట్లోనే ఉంది. రెడ్ గ్రౌస్ పేగుల్లో చేరే ఒక రకం నులిపురుగు వల్ల కొన్నేళ్లకోసారి వీటి సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. గూళ్ల కాలంలో చలీ వానా ఎక్కువైనా పిల్లలు దక్కవు. అలాంటి ఏడు క్యాలెండర్‌లో ఆగస్టు 12 వస్తుంది గానీ కొండ మీద కాల్చదగ్గ పక్షులుండవు. అందుకే జులైలో కుక్కలతో తిరిగి పిల్లల్ని లెక్కపెడతారు. లెక్క బాగాలేకపోతే ముందే అమ్ముకున్న వేట రోజుల్ని కూడా రద్దు చేసుకుంటారు. నార్వేలో ఈ పని ఇంకా బహిరంగంగా జరుగుతుంది. అక్కడ గ్రౌస్ కుటుంబానికే చెందిన రైపే పక్షుల వేట సెప్టెంబరు 10న మొదలవుతుంది. ఆగస్టులోనే స్వచ్ఛందంగా వచ్చిన వేటగాళ్లు తమ కుక్కలతో, ముందే గీసుకున్న గీతల వెంట కొండల్లో నడుస్తారు. కనిపించిన ప్రతి మందనూ, అందులో పిల్లలెన్నో, గీతకు ఎంత దూరంలో లేచాయో రాసుకుంటారు. తుపాకీ ఉండదు. ఆ లెక్కల్ని చూసి నేల యజమానులు ఆ ఏడు రోజుకు మనిషికి ఎన్ని పక్షులో నిర్ణయిస్తారు. మరీ తక్కువగా ఉన్నచోట వేటను పూర్తిగా మూసేస్తారు. అలాంటప్పుడు కుక్కలతో నడిచి లెక్కపెట్టిన మనుషులకే ఆ సెప్టెంబరు 10న వేట ఉండదు.